దేవుణ్ణి నమ్మని ఓటరు మతం మాట్లాడే నాయకుణ్ణి ఎలా చూస్తాడు? తెనాలి, బాపట్ల, రేపల్లె నేపథ్యంలో ఒక వివరణ

తెనాలిలో గానీ, బాపట్లలో గానీ, రేపల్లెలో గానీ ఉండే మన కుటుంబాలకు ఇలాంటి మనిషి ఒక్కరైనా తెలిసే ఉంటారు. రిటైరైన లెక్కల మాస్టారు కావచ్చు, ఎర్రజెండా పార్టీ ఆఫీసుకి వెళ్ళొచ్చే పెద్దాయన కావచ్చు, ఏప్రిల్ 14న అంబేద్కర్ విగ్రహం దగ్గర ముందు నిలబడే లెక్చరర్ కావచ్చు. గుడికి వెళ్ళరు, చర్చికి వెళ్ళరు, ముహూర్తాలు చూడరు. రంజాన్ పండక్కి మనం పంపిన షీర్ ఖుర్మా మాత్రం ఇష్టంగా తింటారు. ఎలక్షన్ వచ్చేసరికి ఆయన ఎవరికి వేస్తారో, ఎందుకు వేస్తారో మనకు అంతుపట్టదు.

వక్ఫ్ సవరణ చట్టం వచ్చిన దగ్గర్నుంచి ఇలాంటివాళ్ళ గురించి మనలో రెండు మాటలు వినపడుతున్నాయి. ఒకటి, "వాళ్ళు సెక్యులర్, మన పక్షమే". రెండోది, "అల్లాహ్‌నే నమ్మనివాడు మన దీన్‌ని ఏం గౌరవిస్తాడు?" రెండు మాటల్లోనూ సగం నిజమే ఉంది. ఈ ఓటర్లకు ఒక సొంత కొలత ఉంది. అదేంటో తెలిస్తే ఏ విషయంలో మనతో నిలబడతారో, ఏ విషయంలో ఎదురు మాట్లాడతారో ముందే అర్థమవుతుంది.

ఎవరు వీళ్ళు?

ఉర్దూలో దహ్రియా అని ఒక్క మాటతో తేల్చేస్తాం గానీ, మన ప్రాంతంలో వీళ్ళు ఒక్క రకం కాదు. నాస్తికులు దేవుడు లేడని గట్టిగా చెప్తారు. హేతువాదులు ఏ నమ్మకానికైనా రుజువు అడుగుతారు. మానవవాదులు మనిషిని కేంద్రంగా పెట్టుకుని ఆలోచిస్తారు. కమ్యూనిస్టుల దృష్టి ముందు భూమి, కూలి మీద ఉంటుంది, మతం వాళ్ళకి తర్వాతి విషయం. అంబేద్కర్‌వాదులు కులాన్ని నిలబెట్టిన మతాన్ని వద్దంటారు, వాళ్ళలో కొందరు బౌద్ధం తీసుకున్నారు. ఏ సంఘంలోనూ లేకుండా, మతం సంగతి పట్టించుకోకుండా బతికేవాళ్ళు వేరే ఉన్నారు.

లెక్కల్లో చూస్తే చాలా తక్కువ మంది. 2011 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద మతం చెప్పనివాళ్ళు సుమారు 28.7 లక్షలు, అంటే 0.24 శాతం. నాస్తికులమని రాయించుకున్నవాళ్ళు దాదాపు 33 వేలే. ప్యూ రీసెర్చ్ సెంటర్ సుమారు 30 వేల మందిని అడిగి 2021లో విడుదల చేసిన సర్వేలో దేవుణ్ణి నమ్ముతామన్నవాళ్ళు 97 శాతం ఉన్నారు. రికార్డులో హిందువు అనో, ఎస్సీ అనో ఉండి లోపల నమ్మకం లేనివాళ్ళు ఈ లెక్కలకి అందరు. 2023 జులైలో తెలంగాణ హైకోర్టు జనన ధ్రువపత్రం దరఖాస్తులో "మతం లేదు, కులం లేదు" అనే కాలమ్ పెట్టమని ఆదేశించింది. అలా రాసుకునే అవకాశం కోసం జనం కోర్టుకి వెళ్ళాల్సి వచ్చిందంటే, లెక్క ఎందుకు తక్కువగా కనపడుతుందో తెలుస్తుంది.

మన ప్రాంతానికి ఈ పేరు ఎలా వచ్చింది?

తెనాలి పేరు చెప్పగానే హేతువాదం గుర్తుకు రావడానికి మొదటి కారణం త్రిపురనేని రామస్వామి చౌదరి. 1887లో కృష్ణా జిల్లా అంగలూరులో పుట్టి, డబ్లిన్‌లో బారిస్టర్ చదివి, తెనాలిలో స్థిరపడ్డారు. ఆయన ఇంటి పేరు సూతాశ్రమం. పురాణాలను ప్రశ్నిస్తూ సూతపురాణం, శంబుక వధ రాశారు. తెలుగులో, పురోహితుడు లేకుండా పెళ్ళి జరిపే పద్ధతి తయారుచేశారు. ఆయన తెనాలి మున్సిపల్ ఛైర్మన్‌గా కూడా పనిచేశారు, గంగానమ్మ జాతరలో జంతుబలిని ఆపించారు. అంటే ఈ ఊరి నాస్తికత్వం పుస్తకాల్లోనే ఉండిపోలేదు, ఓట్లు గెలిచి కుర్చీ ఎక్కింది, కుర్చీలో కూర్చుని జనం నమ్మకంతో ఢీకొట్టింది. 1943లో ఆయన చనిపోయారు. కొడుకు గోపీచంద్ రచయితగా అందరికీ తెలుసు. ఎం.ఎన్. రాయ్ పెట్టిన రాడికల్ డెమోక్రటిక్ పార్టీకి ఆంధ్రలో కార్యదర్శిగా కూడా ఆయన పనిచేశారు.

రాయ్ 1948లో ఆ పార్టీని రద్దు చేసి, పార్టీలు లేని ప్రజాస్వామ్యం కావాలన్నారు. ఆ ఆలోచనను తెనాలిలో నిలబెట్టినవాళ్ళలో ముఖ్యులు మూల్పూరుకి చెందిన లాయరు ఆవుల గోపాలకృష్ణమూర్తి. జనం ఆయన్ని ఏజీకే అనేవాళ్ళు. మంత్రాలు లేని పెళ్ళిళ్ళు చాలా జరిపించారు. ఇక్కడి పాత మానవవాదుల్లో ఏ పార్టీని పూర్తిగా నమ్మని గుణం ఈ దారిలో వచ్చిందే.

రేపల్లె వైపు కథ వేరు. రేపల్లె తాలూకా తూర్పుపాలెంలో 1914లో పుట్టిన మాకినేని బసవపున్నయ్య 1964లో సీపీఎం మొదటి పొలిట్‌బ్యూరో తొమ్మిది మందిలో ఒకరు. ఇక్కడ దేవుణ్ణి వదిలేయడం కౌలు, కూలి పోరాటాలతో కలిసి వచ్చింది.

మూడో దారి దళితవాడల నుంచి వచ్చింది. ఇప్పటి బాపట్ల జిల్లాలో ఉన్న కారంచేడులో 1985లో, చుండూరులో 1991 ఆగస్టు 6న దళితులను చంపేశారు. చుండూరులో చనిపోయినవాళ్ళు ఎనిమిది మంది. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది, 2014లో హైకోర్టు వాళ్ళను విడుదల చేసింది. అంబేద్కర్‌వాదులు హేతువాదులను ఇప్పటికీ అడిగే ప్రశ్న ఇక్కడిదే: దేవుణ్ణి వదిలేశారు సరే, కులాన్ని వదిలేశారా? అందుకే ఒకే నాయకుణ్ణి తెనాలి మానవవాది ఒకలా, చుండూరు అంబేద్కర్‌వాది ఇంకోలా చూడొచ్చు.

పక్కనే విజయవాడలో గోరా నాస్తిక కేంద్రం ఉంది. 1940లో ముదునూరులో మొదలై 1947లో విజయవాడకి మారింది. గాంధీజీతో గోరాకి దగ్గరి పరిచయం. 1972 ఆగస్టు 15న ఆయన గోమాంసం, పంది మాంసం కలిపి వడ్డించే కార్యక్రమం పెట్టారు. మనకి వినడానికే ఇబ్బందిగా ఉంటుంది. కానీ హిందువుల కట్టుబాటునీ, మన కట్టుబాటునీ ఒకే పళ్ళెంలో పెట్టి ప్రశ్నించారన్నది గమనించాలి. ఈ కొలత ఎవరికీ మినహాయింపు ఇవ్వదు.

వాళ్ళ కొలత ఏంటి?

సంప్రదాయవాద నాయకుడు అంటే ఇక్కడ మతం, ఆచారం, పాత కుటుంబ పద్ధతి నిలబడాలని రాజకీయంగా మాట్లాడే నాయకుడు అనుకుందాం. మతం పాటించని ఓటరు అలాంటి నాయకుడిలో మూడు విషయాలు విడివిడిగా చూస్తాడు. ఇంట్లో ఆయన భక్తి ఒకటి, అది ఆయన ఇష్టం. వేదిక మీద ఆ భక్తిని చూపించడం రెండోది, దాన్ని అనుమానంగా చూస్తాడు. చట్టం, ఖజానా, పోలీసు ఎవరి కోసం పనిచేస్తున్నాయన్నది మూడోది. అసలు తీర్పు ఇక్కడ ఉంటుంది. కింది నాలుగు ఉదాహరణలతో ఇది తేలిగ్గా అర్థమవుతుంది.

ఎన్టీఆర్: రాముడిగా, కృష్ణుడిగా జనం గుండెల్లో ఉన్న మనిషి, ముఖ్యమంత్రి అయ్యాక కాషాయం కట్టారు. పైకి చూస్తే హేతువాదికి అస్సలు నచ్చకూడదు. కానీ ఆయన ప్రభుత్వం 1986లో హిందూ వారసత్వ చట్టానికి రాష్ట్ర సవరణ తెచ్చి, ఉమ్మడి ఆస్తిలో కూతుళ్ళకు సమాన హక్కు ఇచ్చింది. 1987 దేవాదాయ చట్టంతో అర్చకుల వంశపారంపర్య హక్కు రద్దు చేసింది. 1996లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. ఆ తర్వాత 2007లో, క్రైస్తవుడైన వై.ఎస్. రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడే, సవరణతో ఆ హక్కు కొంత వెనక్కి వచ్చింది. వేషం చూసి లెక్క వేస్తే తప్పుతుందని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ ఉండదు.

వై.ఎస్. జగన్: ఆయన క్రైస్తవుడు కావడం మతం పాటించని ఓటరుకి సమస్య కాదు. తిరుమల డిక్లరేషన్ గొడవలో ఇలాంటివాళ్ళు చాలామంది ఏ పక్షమూ తీసుకోరు. వాళ్ళ అభ్యంతరం గౌరవ వేతనాల మీద. ఇమాములకు 10 వేలు, మౌజన్లకు 5 వేలు, పాస్టర్లకు 5 వేలు ఆయన ప్రభుత్వం ఇచ్చింది. అంతకు ముందు తెలుగుదేశం ప్రభుత్వం కూడా ఇమాములకు ఇచ్చింది, 2024లో కూటమి కూడా కొనసాగిస్తామంది. మన చిన్న మస్జిదుల్లో ఇమాం సాబ్ ఇంట్లో పొయ్యి వెలగడానికి ఆ డబ్బు ఎంత అవసరమో మనకి తెలుసు. హేతువాది మాత్రం అర్చకుడికైనా, పాస్టరుకైనా, ఇమాముకైనా ప్రభుత్వ ఖజానా నుంచి ఇవ్వకూడదంటాడు. ఇది మన మీద కోపంతో అనే మాట కాదు, అందరికీ కలిపి అనే మాట.

పవన్ కల్యాణ్: తెనాలికి సూటిగా సంబంధం ఉన్న ఉదాహరణ ఇది. తెనాలి ఎమ్మెల్యే, మంత్రి నాదెండ్ల మనోహర్ జనసేనలో పవన్ తర్వాత ముఖ్యుడు. ఆ పార్టీ చెప్పుకున్న ఏడు సిద్ధాంతాల్లో ఒకటి "మతాల ప్రస్తావన లేని రాజకీయం". చే గువేరా పేరు పవన్ ఎక్కువగా చెప్పేవారు. 2019లో సీపీఐ, సీపీఎం, బీఎస్పీలతో కలిసి పోటీ చేశారు. 2020 జనవరిలో బీజేపీతో పొత్తు పెట్టుకున్నారు. 2024 సెప్టెంబరులో తిరుమల లడ్డూ వివాదం వచ్చినప్పుడు, మన గుంటూరు జిల్లా నంబూరు గుడిలోనే 11 రోజుల ప్రాయశ్చిత్త దీక్ష మొదలుపెట్టారు. అక్టోబరు 3న తిరుపతిలో వారాహి డిక్లరేషన్ ప్రకటించి, సనాతన ధర్మ రక్షణకు దేశమంతటికీ చట్టం కావాలన్నారు. మతం పాటించని ఓటరు దీక్షను తప్పుపట్టడు. పార్టీ రాసుకున్న సిద్ధాంతం ఏమైంది, ఒక్క మతానికి చట్టం అడిగితే మిగతావాళ్ళ సంగతేంటి అని అడుగుతాడు.

వక్ఫ్ చట్టం: 2025 ఏప్రిల్‌లో లోక్‌సభలో 288-232, రాజ్యసభలో 128-95 ఓట్లతో పాసైంది. తెలుగుదేశం, జనసేన అనుకూలంగా ఓటేశాయి. వైఎస్సార్‌సీపీ లోక్‌సభలో వ్యతిరేకించింది, కమ్యూనిస్టులు వ్యతిరేకించారు. ఇక్కడ మతం పాటించనివాళ్ళలో రెండు అభిప్రాయాలు కనపడతాయి. ఆస్తుల లెక్కలు బయటపెట్టాలి, ముతవల్లీల మీద ఆడిట్ ఉండాలి అనే మాట చాలామంది ఒప్పుకుంటారు. నిజం చెప్పాలంటే మనలో కూడా ఒప్పుకునేవాళ్ళు ఉన్నారు. కానీ రెండో ప్రశ్న కూడా వాళ్ళే అడుగుతారు. దేవాదాయ చట్టం ప్రకారం గుడి ట్రస్టీ హిందువే కావాలి. 2024 నవంబరులో టీటీడీ బోర్డు హిందువులు కాని ఉద్యోగులను తప్పించాలని తీర్మానించింది. అలాంటప్పుడు వక్ఫ్ బోర్డులో ముస్లిం కానివాళ్ళు ఉండాలనడం ఏ కొలత? 2025 సెప్టెంబరు 15న సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చి, ఐదేళ్ళు ముస్లింగా ఉన్నవాళ్ళే వక్ఫ్ చేయాలన్న నిబంధనను ఆపింది. రాష్ట్ర బోర్డులో 11 మందిలో ముస్లిమేతరులు ముగ్గురికి మించకూడదంది. మనం మన వాదన చెప్పేటప్పుడు "మా మతం జోలికి రావద్దు" అన్న మాట కంటే "రెండు మతాలకీ ఒకే కొలత పెట్టండి" అన్న మాట ఈ ఓటరుకి తొందరగా ఎక్కుతుంది.

మరి ఓటు ఎందుకు వేస్తారు?

నచ్చని మాట మాట్లాడిన నాయకుడి కూటమికే మతం పాటించనివాళ్ళు కొందరు ఓటేస్తారు. దీన్ని కపటం అనుకోనక్కర్లేదు. 2024లో ఈ మూడు అసెంబ్లీ స్థానాల్లో బ్యాలెట్ మీద కూటమి తరఫున కమలం గుర్తు లేదు. తెనాలిలో జనసేన, బాపట్లలో, రేపల్లెలో తెలుగుదేశం పోటీ చేసి గెలిచాయి. ఓటరు ముందు ఉన్నది రాజధాని అమరావతి, ధాన్యం డబ్బులు, డెల్టా కాలువల నీళ్ళు, కులం, అభ్యర్థితో పరిచయం. అసెంబ్లీలో 175 సీట్లు ఉంటే తెలుగుదేశం 135, జనసేన 21, వైఎస్సార్‌సీపీ 11, బీజేపీ 8. కమ్యూనిస్టులకి ఒక్కటి కూడా రాలేదు. తన ఆలోచనకు దగ్గరగా ఉన్న పార్టీ గెలవదని తెలిసినప్పుడు కొందరు రెండో మంచి అభ్యర్థిని చూసుకుంటారు, కొందరు 2013లో వచ్చిన నోటా నొక్కుతారు. మనం చేసే లెక్క కూడా ఇంచుమించు ఇదే కదా.

మన నాయకులను ఎలా చూస్తారు?

ఈ భాగం మనం ఓపిగ్గా చదవాలి. హిందూ సంప్రదాయవాద నాయకుణ్ణి అడిగే ప్రశ్నలే వాళ్ళు మన నాయకులనూ అడుగుతారు. ఆడపిల్లకు ఆస్తిలో వాటా, తలాఖ్, వేరే మతం పెళ్ళి, మతం వదిలేసిన మనిషి భద్రత వాళ్ళ జాబితాలో ముందుంటాయి. ఒకేసారి చెప్పే మూడు తలాఖ్‌లు చెల్లవని 2017 ఆగస్టు 22న సుప్రీంకోర్టు చెప్పినప్పుడు హేతువాదులు ఎక్కువగా స్వాగతించారు. 2019లో దాన్ని జైలు శిక్ష ఉన్న నేరంగా మార్చినప్పుడు మాత్రం, భర్త వదిలేయడం మిగతావాళ్ళకి సివిల్ గొడవ అయినప్పుడు ముస్లింకే జైలు ఎందుకని అడిగినవాళ్ళు వాళ్ళలోనూ ఉన్నారు. ఉమ్మడి పౌరస్మృతి మీద కూడా ఇంతే. సూత్రంగా చాలామందికి ఇష్టమే, తెచ్చే చెయ్యి ఎవరిదన్న దగ్గర ఆగిపోతారు.

భయం మాట కూడా చెప్పుకోవాలి. మహారాష్ట్రలో దభోల్కర్‌ని 2013లో, పన్సారేని 2015లో, కర్ణాటకలో కల్బుర్గిని 2015లో, గౌరీ లంకేశ్‌ని 2017లో చంపేశారు. మనం ఈ పేర్లు తరచుగా చెప్తాం. 2017 మార్చిలో కోయంబత్తూరులో ముస్లిం కుటుంబంలో పుట్టిన ఒక నాస్తికుణ్ణి కూడా చంపేశారు, ఆ కేసులో నిందితులు ముస్లింలే. నాలుగు పేర్లు చెప్పి ఐదోది దాటేస్తే మన మాట మీద ఈ ఓటరుకి నమ్మకం పోతుంది.

చట్టం ఏం చెప్తోంది?

రాజ్యాంగం 25వ అధికరణం అంతరాత్మ స్వేచ్ఛ అందరికీ ఇచ్చింది. నమాజు చదివే మనకూ, ఏదీ నమ్మని పక్కింటాయనకూ అదే అధికరణం. గెలిచిన నాయకుడు దైవసాక్షిగా ప్రమాణం చేయొచ్చు, దేవుడి పేరు లేకుండా కూడా చేయొచ్చు. రెండు రూపాలూ రాజ్యాంగం మూడో షెడ్యూల్లోనే ఉన్నాయి.

ఎన్నికల్లో మతం పేరుతో ఓటు అడగడం ప్రజాప్రాతినిధ్య చట్టం సెక్షన్ 123(3) కింద అవినీతి చర్య, దాంతో ఎన్నిక రద్దు కావచ్చు. అభ్యర్థి మతమే కాదు, ఓటరు మతం పేరుతో అడిగినా వర్తిస్తుందని 2017 జనవరి 2న ఏడుగురు జడ్జీల బెంచ్ 4-3 మెజారిటీతో చెప్పింది. గుడి ముందు చేసిన ప్రసంగానికి ఈ నియమం ఎలా వర్తిస్తుందో, జుమా నమాజు తర్వాత ఫలానా గుర్తుకే వేయమని చెప్పే మాటకీ అలాగే వర్తిస్తుంది.

మూఢనమ్మకాల పేరుతో మోసం చేసేవాళ్ళ మీద మహారాష్ట్రలో 2013లో, కర్ణాటకలో 2017లో చట్టాలు వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో అలాంటి చట్టం కావాలన్నది హేతువాద సంఘాల పాత డిమాండు. తావీజులు, దమ్ చేసే పేరుతో డబ్బు గుంజే నకిలీ బాబాల చేతిలో మన ఇళ్ళల్లో ఆడవాళ్ళు ఎంత నష్టపోతున్నారో మనకి తెలుసు. ఈ ఒక్క విషయంలో మన ఉలమా, తెనాలి హేతువాది ఒకే మాట మీదకి రావడానికి అడ్డం ఏమీ లేదు.

తరచుగా అడిగే ప్రశ్నలు

నాస్తికులందరూ బీజేపీకి వ్యతిరేకమేనా? ఎక్కువమంది హిందూత్వ రాజకీయాన్ని వ్యతిరేకిస్తారు. అయితే దేవుణ్ణి నమ్మకపోయినా దేశభద్రత, అభివృద్ధి అంటూ అటు వేసేవాళ్ళు కూడా ఉంటారు. నమ్మకం లేకపోవడం ఒక పార్టీ సభ్యత్వం కాదు.

భక్తి ఉన్న నాయకుడికి ఓటు వేయరా? వేస్తారు. కూతుళ్ళకు ఆస్తి, అర్చకత్వం, ఖజానా, పోలీసు కేసు లాంటి విషయాల్లో ఆయన ఏం చేశాడన్నది చూస్తారు.

మనతో కలిసి వస్తారా? సమాన కొలత అడిగే చోట వస్తారు. మన లోపలి తప్పును మతం పేరుతో దాచే చోట రారు.

మరి మన వైపు నుంచి ఏం చేయొచ్చు? వక్ఫ్ ఆస్తుల జాబితా, మస్జిద్ కమిటీ జమాఖర్చు బయటపెట్టడం మన చేతిలో ఉన్న పని. ఖర్చు లేని పని కూడా. లెక్క చూపించినవాడు న్యాయం అడిగితే, మతం ఉన్నవాడైనా లేనివాడైనా ఆగి వింటాడు. మాస్టారితో వక్ఫ్ గురించి మాట్లాడాలనుకుంటే ముందు ఆ లెక్కల కాగితం చేతిలో పెట్టుకుని వెళ్ళండి.